చిలుకమ్మ ఏరిన తల్లి పురుగులు

చిలుకమ్మ అని పేరు పెట్టినవాళ్ళు పిల్ల నోరు విప్పేదాకా ఆగి ఉంటే ఆ పేరు పెట్టి ఉండేవాళ్ళు కాదు. ఆమె తిట్టడం మొదలుపెడితే వరంగల్ గంజులో బస్తాలు మోసే హమాలీలు కూడా బరువు దించి వినేవాళ్ళట. తల్లి ఆ గంజులోనే ఆముదాలు చెరిగే కూలి. ఆముదాల కుప్పల మధ్యే పాకి, అక్కడే నడక నేర్చిన పిల్ల. పదేళ్ళు వచ్చేసరికి గింజను వేళ్ళ మధ్య నలిపి, ఇది ఏ నేలలో పండిందో, ఎన్నిరోజులు ఎండిందో చెప్పేది. వ్యాపారులు నవ్వేవాళ్ళు. కాని బేరం తెగే ముందు ఒకసారి ఆమె మొహం వైపు చూసేవాళ్ళు.

పదహారో ఏట ఆమెను వర్ధన్నపేట అవతల ఒక పల్లెలో సాంబయ్యకిచ్చి చేశారు. సాంబయ్యకు రెండెకరాల ఎర్ర చెలక ఉంది. వానను నమ్ముకున్న నేల. ఆముదం తప్ప మరొకటి వేస్తే దండగ. ఒక్క గట్టు దాటితే అన్న ఉప్పలయ్య రెండెకరాలు. తండ్రి పోతూ పోతూ చేను రెండు ముక్కలు చేసి, మధ్యన గట్టు వేసి పోయాడు. ఆ గట్టు మీద గడ్డి కంటె తగాదాలే బాగా మొలిచాయి.

పెళ్ళయిన మూడోనాడే మొదటిది మొలిచింది. వాకిట్లో చుట్టాలందరూ కూర్చుని ఉండగా ఉప్పలయ్య చుట్ట వెలిగించుకుంటూ, "బస్తీ పిల్లను తెచ్చుకున్నడు మావోడు. గంజుల గింజలు జూసింది గని చేన్ల చెట్టు జూసిందా? పురుగును జూస్తే లగెత్తుతది" అన్నాడు.

"పురుగులు నాకు కొత్తగాదు బావా. మూడొద్దుల సంది నిన్ను జూస్తలేనా?" అంది చిలుకమ్మ.

చుట్టాలు నవ్వారు. ఉప్పలయ్య చుట్ట ఆరిపోయింది. ఆ నవ్వును ఆయన బతికినంతకాలం మరిచిపోలేదు. మరిచిపోనిచ్చే మనిషి కూడా కాదు చిలుకమ్మ.

పురుగు ఏరడం ఆమెకు అత్త నేర్పింది. వానాకాలం నడిమికి వచ్చి ఆముదం మోకాలెత్తు పెరిగేసరికి దాసరి పురుగు దిగుతుంది. నడుము పైకెత్తి, మళ్ళీ చాచి, ఆకును కొలుస్తున్నట్టు నడిచే పురుగు. పది రోజులు వదిలేస్తే చేనులో ఈనెలు తప్ప ఏమీ మిగలదు. పొద్దున్నే ఆడవాళ్ళు నీళ్ళలో ఇంత కిరసనాయిలు కలిపిన ముంతలు పట్టుకొని సాళ్ళలో దిగి, ఆకు తిప్పి తిప్పి పురుగును ముంతలో వేస్తారు. చెయ్యి తగలగానే చెంగున ఎగిరి కింద పడి మట్టిలో కలిసిపోతుంది కాబట్టి, వేలు దాని కంటె ముందుండాలి.

వాటిలో ఒక రకాన్ని మాత్రం ముంతలో వేయకూడదని అత్త చెప్పింది. తోక దగ్గర, కడుపు కింద, వడ్లగింజంత బూడిదరంగు తిత్తి ఒకటి అంటుకొని ఉంటుంది. అలాంటి పురుగు ఎగరదు, పరుగెత్తదు, తినదు కూడా. ఆ తిత్తిని కావలి కాస్తున్నట్టు ఒక్కచోటే పడి ఉంటుంది. అది గుడ్డు పొదుగుతున్న తల్లి పురుగని ఆ ఊరివాళ్ళ నమ్మకం. రెక్కలు రాని పురుగు గుడ్డెలా పెడుతుందని తాతల కాలం నుంచి ఒక్కరూ అడగలేదు. తల్లి నీళ్ళలో చచ్చినా గుడ్డు బతుకుతుందట. అందుకని తల్లులను ముందుగా ఏరి, వేరే గుడ్డలో మూటకట్టి, పొద్దు గుంకే వేళ గట్టు మీద చితుకుల మంట వేసి కాల్చాలి. కాల్చేటప్పుడు దాని వంశమంతా నాశనం కావాలని నోరారా తిట్టాలి.

తిట్టడం కూడా ఆచారంలో ఉందని తెలిశాక చిలుకమ్మకు ఆ ఊరు మొదటిసారి నచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ చుట్టుపక్కల ఆమె అంత జోరుగా తల్లులను ఏరే ఆడది లేదు. ఒక్క పూటలో దోసెడు తల్లులు తెచ్చేది. ఆమె మంట దగ్గర తిడుతుంటే వినడానికి పక్క చేలవాళ్ళు పని ఆపేవాళ్ళు.

పంతొమ్మిది వందల యాభై ఏడులో సాంబయ్యకు జ్వరం వచ్చింది. చిలుకమ్మ అతన్ని కచ్చడం బండిలో వేసుకొని వరంగల్ దవాఖానకు తీసుకుపోయింది. తొమ్మిదోనాడు అదే బండిలో శవాన్ని వెనక్కి తెచ్చింది. పిల్లలు లేరు. అత్త అప్పటికే పోయింది. దినాలు ముగిసిన పూట ఉప్పలయ్య చావడి దగ్గర పెద్దమనుషులను కూర్చోబెట్టి, చేను ఇక తానే చేసుకుంటానన్నాడు. మొగదిక్కు లేని ఆడదానికి ఇంత గింజ తానే పడేస్తానని కూడా అన్నాడు.

చిలుకమ్మ కొంగు నడుముకు దోపుకొని నిలబడింది. "గింజ పడేస్తనంటానవ్, నేనేమన్న నీ కోడినా? నా మొగని చేను నేను జేసుకుంట. నా చేను దిక్కు జూసినోని కండ్లు పీకుత."

పెద్దమనుషులకు ఉప్పలయ్య అంటే మొహమాటం, ఈమె నోరంటే భయం. రెండూ కలిపి ఒక తీర్పు చెప్పారు. పట్వారి రాజేశ్వర్ రావు దాన్ని అందరికీ వినిపించాడు: "ఒక్క పంట జూస్తం. ఆముదం పంట ఇంటికి తెచ్చిందా, చేను చిలుకమ్మది. తేలేదా, ఉప్పలయ్యది. పంట తియ్యనోళ్ళకు చేనెందుకు?"

ఆ మాట చిలుకమ్మ గుండెలో మేకులా దిగింది. చేను పోతే ఆమెకు ఉన్నది ఒక్క గంజే. తల్లి చచ్చిపోయిన ఆ చాటల మధ్యకు, ఆ దుమ్ములోకి తిరిగి పోవాలి. అలా పోవడం కంటె చావు నయం అనుకుంది.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. కాడెడ్లు బదులుకు తెచ్చి దున్నించి, తనే విత్తింది, తనే కలుపు తీసింది. చేను బారుగా లేచింది. ఆ వెనకే దాసరి పురుగూ లేచింది.

ఆమె తెల్లారకముందే ముంత పట్టుకొని దిగేది. గట్టు అవతల ఉప్పలయ్య మోదుగ చెట్టు కింద అంగవస్త్రం పరుచుకొని పడుకునేవాడు. ఏరడమంటే ఆయనకు మహా బద్ధకం. పురుగు దానంతట అదే పోతుందని అనేవాడు. తను నడుము విరిగేలా ఏరుతుంటే అతను గురకపెడుతుండడం చూసి చిలుకమ్మకు కడుపు మండిపోయింది. ఆ మంటలోనే ఆమెకు ఒక ఆలోచన వచ్చింది.

ఒకరోజు పొద్దు గుంకే వేళ తల్లుల మూట విప్పింది, కాని మంట వేయలేదు. ఉప్పలయ్య ఇంటికి పోయాడని రూఢి చేసుకొని, గట్టు దాటి, అతని చేనులో సాలు సాలుకూ నాలుగైదు తల్లులను ఆకుల మీద దులిపింది. ఒక్కో తల్లి వంద పిల్లలు పెట్టినా పది రోజుల్లో ఈ రెండెకరాలూ బోడి గుండవుతాయని లెక్క వేసుకుంది. దులుపుతూ తిట్టింది. ఈసారి తిట్లు పురుగుకు కాదు.

ఇరవై రోజులు అదే పని. తన చేనులో ఒక్క తల్లి మిగలకుండా ఏరేది, సాయంత్రం గట్టు దాటి దులిపేది. అంత శ్రద్ధగా ఆమె దేవుడికి కూడా మొక్కలేదు. ఏరినా ఇంకా సన్నపురుగు కనపడుతుంటే, వరంగల్ పోయి బజారులో డీడీటీ పొడి తెచ్చి, పలచటి గుడ్డలో మూటగట్టి చేనంతా దులిపింది. పురుగు కొంత రాలింది. గట్టు దాటి వచ్చే ఈగ, దోమ, సాలీడు అంతా రాలింది. చేను శుభ్రంగా కనబడితే ఆ రాత్రి ఆమె కడుపునిండా తిని పడుకుంది.

పన్నెండు రోజులకు రెండో విడత పురుగు దిగింది. అది మొదటిదానిలా కాదు. ఆకు తిప్పితే ఆకు కనిపించలేదు, పురుగే కనిపించింది. ఆమె రెండు చేతులా ఏరింది, కూలికి మనుషులను పిలిచింది, పొడి మళ్ళీ చల్లింది. వారం తిరిగేసరికి రెండెకరాల్లో ఈనెలు మాత్రం నిలబడి ఉన్నాయి. గెలల మీది పచ్చి కాయల తోలు కూడా గీకి తిన్నాయి.

గట్టు అవతల ఉప్పలయ్య చేను పచ్చగా ఉంది. మొదట కొంత కొరికిన మాట నిజమే. తరువాత చిగురు వేసి, ఆకు మీద ఆకు పరుచుకొని, గెల మీద గెల వేసింది. ఆయన మోదుగ చెట్టు కింద కూర్చుని, "నేనన్లే? పురుగు దానంతట అదే పోతదని" అని దారిన పోయేవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. చిలుకమ్మ గట్టు మీద నిలబడి ఆ పచ్చదనం చూసింది. తన కళ్ళను తానే నమ్మలేకపోయింది. ఆ చేనులో ఆమె చేతులతో వేసిన తల్లులు వెయ్యికి తక్కువుండవు.

అప్పుడే బ్లాకు ఆఫీసు నుంచి, రైతులకు సాగు సలహాలు చెప్పే గ్రామసేవక్ వచ్చాడు. వెంకట్రాజం అని, సైకిలు మీద తిరిగే సన్నటి మనిషి. జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం ఉండేది. రెండు చేలూ పక్కపక్కనే ఇలా ఉండడం చూసి ఆగిపోయాడు. ఉప్పలయ్య చేనులోంచి ఒక తల్లి పురుగును తెచ్చి, చిన్న గాజుసీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టి చిలుకమ్మ చేతికిచ్చాడు.

"అమ్మా, దీన్ని జర నీ అరుగు మీద నీడకు పెట్టు. మూడొద్దులకు వస్త. ఏమైతదో నువ్వే సూడు."

రెండోనాటికి పురుగు ముడుచుకుపోయింది. మూడోనాటి పొద్దున తిత్తికి కొసన గుండ్రటి మూత లేచి, లోపల నుంచి నల్లటి ఈగ ఒకటి బయటికి వచ్చింది. బియ్యపు గింజలో సగం ఉంటుంది. సీసా గోడ మీద కూర్చుని, మీసాలు దువ్వుకున్నట్టు రెండు కొమ్ములూ ఆడించింది. చిలుకమ్మ ఎన్ని వేల తల్లులను కాల్చిందో ఆమెకే తెలియదు. ఒక్కదాన్ని కూడా మూడు రోజులు ఆగి చూడలేదు.

వెంకట్రాజం వచ్చి అరుగు మీద కూర్చుని చెప్పాడు. "ఇది కందిరీగల జాతిది. శానమందికి దీని పేరు గూడ ఎరికలేదు. దాసరి పురుగు ఇంత సన్నగున్నప్పుడే దానిల సూది గుచ్చినట్టు గుచ్చి గుడ్డు పెడ్తది. గుడ్డు పిల్లయి పురుగును లోపట్నుంచి తిని, బయటికొచ్చి తిత్తి కట్టుకుంటది. మీరు తల్లి తల్లి అంటరే, అది తల్లి గాదు, సచ్చేటి పురుగు. తిత్తిల ఉన్నది పురుగు పిల్ల గాదు, పురుగును సంపేటిది. ఒక్కటి పోయి వంద పురుగులను గుచ్చుతది. ఇసొంటియి ఉప్పలయ్య చేన్ల ఎన్నున్నయో! నీ చేన్ల ఒక్కటి లేదు. ఎందుకు లేవో నాకు సమజైతలేదు."

చిలుకమ్మకు సమజయింది. బావను నాశనం చేద్దామని ఇరవై రోజులు తన చేను కాపలాదారులను తనే ఏరి, తనే మోసుకుపోయి, అతని చేనుకు కాపలా పెట్టి వచ్చింది. ఏటా గట్టు దాటి ఇటు వచ్చే ఈగలను కూడా పొడి చల్లి చంపుకుంది. ఏ దయ్యమూ ఆమెకు ఇంత ద్రోహం చేయలేదు. ఆ రోజంతా ఆమె ఎవరినీ తిట్టలేదు. ఇరుగుపొరుగు జ్వరం వచ్చిందేమో అనుకున్నారు.

చావడి దగ్గర పెద్దమనుషులు కూర్చున్నప్పుడు కూడా ఆమె నోరు విప్పలేదు. విప్పితే బావ చేనులో పురుగు దులిపిన సంగతి విప్పాలి. చేనుకు చేటు తలపెట్టిన ఆడదాన్ని ఆ ఊరు ఉండనివ్వదు. వెంకట్రాజం మాత్రం తల్లులను కాల్చవద్దని అందరికీ చెప్పబోయాడు.

"పురుగు కడుపుల ఈగ పుడ్తదా సారూ?" అని ఉప్పలయ్య పెద్దగా నవ్వాడు. "రేపు మా బర్రె కడుపుల కోడి పుడ్తదంటవ్."

చావడి అంతా నవ్వింది. గ్రామసేవక్ సైకిలెక్కి పోయాడు. కొన్నాళ్ళకు అతన్ని పరకాల వైపు మార్చారని తెలిసింది. చేను ఉప్పలయ్యకు పోయింది. పట్వారి అదే మాట మళ్ళీ అన్నాడు: "పంట తియ్యనోళ్ళకు చేనెందుకు?"

అందరూ ఆమె గంజుకు పోతుందనుకున్నారు. చిలుకమ్మ పోలేదు. మరుసటి ఏడు పురుగు దిగగానే ఉప్పలయ్య నాలుగెకరాల యజమానినని మీసం దువ్వి, కూలికి ఆడవాళ్ళను పిలిచాడు. నాలుగెకరాల మనిషి పురుగు దానంతట అదే పోతుందని అంటే బాగుండదు కదా. ఆ కూలీల వరుసలో ముంత పట్టుకొని చిలుకమ్మ నిలబడింది. ఊరు ముక్కున వేలేసుకుంది. ఉప్పలయ్యకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. పెళ్ళయిన మూడోనాటి నవ్వుకు ఇన్నాళ్ళకు బదులు దొరికిందనుకున్నాడు.

"ఏమే చిలుకమ్మా, ఏరుడు మర్సిపోలేదు గద? తల్లులను ముందుగాల ఏరు. ఒక్కటి మిగిలినా కూలి లేదు. మూట నా ముందటనే కాలవెట్టాలె."

చిలుకమ్మ అతని కళ్ళలోకి చూసింది. ఆ ఒక్క క్షణం నిజం ఆమె నాలుక చివరికి వచ్చి ఆగింది. గ్రామసేవక్ చెప్పినప్పుడు నవ్వింది ఇతనే. నవ్వినవాడికి రెండోసారి చెప్పే అవసరం ఆమెకు కనిపించలేదు.

"సరే బావా. నువ్వెట్లంటె గట్లనే" అంది.

అంత నెమ్మదిగా ఆమె మాట్లాడడం అతను ఎప్పుడూ వినలేదు. వినగానే భయపడవలసింది. పడలేదు.

నెల రోజులు ఏరింది. మిగతా ఆడవాళ్ళు మామూలు పురుగు కూడా ఏరారు. ఆమె తల్లులనే ఏరింది. ఆకు మడతలో ఒకటి, కాడ చాటున ఒకటి, కలుపులో దాక్కున్నది ఒకటి. ఎవరి కంటికీ ఆననివి ఆమె కంటికి ఆనేవి. సాయంత్రం ఉప్పలయ్య కాళ్ళ ముందు మూట విప్పి మంటలో పోసేది. తన మొగుడు దున్నిన రెండెకరాల మూట పోసేటప్పుడు మాత్రం మొహం పక్కకు తిప్పుకునేది. తిత్తులు చిటపటలాడేవి. ప్రతి చిటపటలో ఒక ఈగ ఉందని అక్కడ ఆమెకు ఒక్కదానికే తెలుసు. ఆచారం ప్రకారం తిట్టమని ఉప్పలయ్య అడిగితే, "నువ్వే తిట్టు బావా, చేను నీది గద" అనేది. ఆయన తిట్టేవాడు. ఆమె వింటూ నిలబడేది. ఆ వినడంలో ఆమెకు కలిగిన తృప్తి మంచి మనిషికి కలిగే తృప్తి కాదు.

రెండో విడత పురుగు దిగి నాలుగెకరాలూ ఊడ్చేసింది. ఉప్పలయ్య మోదుగ చెట్టు ఆకులు తప్ప అక్కడ పచ్చటిది మిగలలేదు.

మరునాడే చిలుకమ్మ చావడి ముందు నిలబడింది. ఏడాదిగా దాచుకున్న నోరంతా బయటికి తీసింది. "పంట తియ్యనోళ్ళకు చేనెందుకన్నరు. అన్నరా, అన్లేదా? ఆడిదానికొక మాట, మొగోనికొక మాటనా? మీ నాలికెలు మీ నోట్లెనే ఉన్నయా, ఉప్పలయ్య చుట్టల డబ్బిల పెట్టిండ్రా?" అలా మూడు రోజులు. మూడోనాడు పట్వారి తలనొప్పి తట్టుకోలేక, ఎవరి చేను వాళ్ళదే అని తేల్చేశాడు. ఉప్పలయ్య అభ్యంతరం చెప్పడానికి లేచాడు గాని, తన ఈనెల చేను తలచుకొని కూర్చుండిపోయాడు.

చేను తిరిగి వచ్చింది. అప్పుడు గాని తను చేసిన పని ఎంత దూరం పోయిందో ఆమెకు తెలియలేదు. అరవైలో పురుగు దిగినప్పుడు సాలు సాలూ వెతికింది. తిత్తి ఉన్న పురుగు ఒక్కటి దొరకలేదు. అంతా చెంగుచెంగున ఎగిరే నిండు పురుగే. నెల రోజుల మంటలో ఆ చుట్టుపక్కల ఈగ జాతిని పేరు లేకుండా చేసింది తనే. ఇలా ఇంకో వారం పోతే చేను మళ్ళీ పోతుంది. ఈసారి ఆమెకు చావడిలో అరవడానికి మాట కూడా లేదు.

రఘునాథపల్లిలో చెల్లెలు మొగిలమ్మ కాపురం చేస్తోంది. అక్కడా ఆముదమే. చిలుకమ్మ బస్సెక్కి వరంగల్, అక్కడి నుంచి ప్యాసింజర్ బండెక్కి రఘునాథపల్లి చేరి, చెల్లెలు ఇచ్చిన చెంబు నీళ్ళు తాగకుండానే చేలల్లో పడింది. "మీ చేన్ల తల్లి పురుగులుంటె ఇయ్యుండ్రి. మీకు పుణ్యముంటది" అని గట్టు గట్టునా అడిగింది. అడుక్కునేవాళ్ళు గింజలు అడగడం చూశారు గాని, పురుగులు అడగడం ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. చెల్లెలికి తల కొట్టేసినట్టయింది.

"అక్కా, నీకేమన్న గాలి సోకిందా? దర్గకన్న పోదాం పా" అంది.

"నోర్ముయ్. ఆకులు తెంపు" అంది అక్క.

రెండు రోజుల్లో మూడు వందల తల్లులు దొరికాయి. వెదురుబుట్టలో ఆముదపు ఆకులు పరిచి, వాటి మీద పురుగులను పెట్టి, పైన తడిగుడ్డ కప్పి బండెక్కింది. కాజీపేట రాకముందే గుడ్డ పక్కకు జరిగింది. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దాయన పంచె మీద పురుగు పడింది. ఆయన కేక పెట్టి బెంచీ ఎక్కాడు. చిలుకమ్మ పురుగును రెండు వేళ్ళతో మెల్లగా ఎత్తి, తిత్తి నలగలేదు కదా అని చూసుకొని బుట్టలో పెట్టింది. తరువాత ఆ పెద్దాయనను, పురుగును భయపెట్టినందుకు, వరంగల్ స్టేషన్ దాకా తిట్టింది.

మూడు వందల తల్లులనూ తన చేనులో సాలుకు ఇన్ని అని నిలిపింది. పొడి చల్లలేదు. వారం లోపల ఆకుల మీద నల్లటి నలుసులు తిరగడం కనిపించింది. ఆమె సాలు మధ్య కూలబడి, ఎన్నాళ్ళకో ఏడ్చింది. పదిహేను రోజులకు తిత్తి పురుగులు తన చేనులో ఆకుకొకటి చొప్పున కనిపించాయి. గట్టు అవతల కూడా కనిపించాయి. ఈగకు గట్టు తెలియదు. తను రైలెక్కి, అడుక్కొని తెచ్చినవి బావ చేనులో తిరుగుతుంటే ఆమెకు ఒళ్ళు మండింది. గట్టు మీద నిలబడి కొంగుతో వాటిని ఇటు తోలడానికి చూసింది. అవి లెక్కచేయలేదు.

ఆ సాయంత్రమే గట్టు అవతల పొగ లేచింది.

ఉప్పలయ్య పోయినేడు దెబ్బ తిని ఈసారి తనే ఏరుతున్నాడు. చితుకుల మంట వేసి, పక్కన తల్లుల మూట పెట్టుకొని కూర్చున్నాడు. మూట నిండుగా ఉంది. అవి అక్కడ కాలితే అటు పుట్టే ఈగలు పుట్టవు. ఇటువి అటు పోతూనే ఉంటాయి, పోయినవన్నీ రేపటి మంటలో పడతాయి. రెండో విడత దిగేసరికి రెండు వైపులా ఏమీ మిగలదు. చేను దక్కాలంటే ఆ మంట ఆరాలి. మంట ఆరాలంటే ఆ మనిషికి చెప్పాలి. ఆ మనిషికి చెప్పడం కంటె ఆ మంటలో చెయ్యి పెట్టడం ఆమెకు సులువు.

గట్టు దిగి పోయి మూట మీద కాలు వేసింది, నలగకుండా, మెల్లగా.

"కాలవెట్టకు."

"ఎందుకు? నీ సుట్టాలా?" అన్నాడు ఉప్పలయ్య.

"ఆ గ్రామసేవక్ సారు చెప్పింది నిజం. నా కండ్లతోని జూసిన. తిత్తిల ఉన్నది పురుగును సంపే ఈగ."

"నీకు శాన తెలుసు."

"తెలుసు. నీ చేను పచ్చగున్న ఏడు యాదున్నదా? మోదుగ చెట్టు కింద మీసం దువ్వినవు గద, పురుగు దానంతట అదే పోతదని! అది నీ మొకం జూసి పోలేదు. నా చేన్ల తల్లులన్ని ఏరి, రోజు పొద్దుగూకినంక నీ చేన్ల దులిపిపోయిన. ఇరవై దినాలు. నువ్వు సావాల్నని ఏసిన. నువ్వు బతికినవ్, నేను సచ్చిన. సాలదా?"

ఉప్పలయ్య చేతిలో చితుకు చేతిలోనే ఉంది. ఆయన బుర్ర నెమ్మదిగా నడుస్తుంది గాని, నడవకుండా ఉండదు.

"మరి పోయినేడు?" అన్నాడు. "పోయినేడు నా ముందటనే కాలవెడ్తివి గద. నెల దినాలు."

చిలుకమ్మ అబద్ధమాడవచ్చు. తెలియక చేశానంటే సరిపోతుంది. ఆమెకు ఆ మాట నోటికి రాలేదు.

"పోయినేడు ఎరికుండే ఏరిన" అంది.

అతను లేచి నిలబడ్డాడు. కొడతాడనుకుంది. కొడితే తిరిగి కొట్టడానికి కాలు పక్కకు తీసి నిలబడింది కూడా. ఉప్పలయ్య వంగి మూట అందుకున్నాడు. మంట దగ్గరికి చాపాడు. అతను ఆమె మొహం చూశాడు, తన చేను చూశాడు, గట్టు అవతల ఆమె చేను చూశాడు. తరువాత మూట ముడి విప్పి, దగ్గరి సాలులో ఆకుల మీద తల్లులను ఒక్కొక్కటిగా దులపసాగాడు. దులుపుతూ తిట్టాడు. ఆమెను, ఆమె పుట్టిన గంజును, ఆమెను తెచ్చి ఆ ఇంట్లో పడేసిన తన తమ్ముణ్ణి, ఎవరినీ వదలలేదు.

"అట్ల గాదు, తిత్తి నలుగుతది. రెండు వేళ్ళతోని పట్టు" అంది చిలుకమ్మ.

అతను రెండు వేళ్ళతో పట్టాడు.

అదే వాళ్ళిద్దరి మధ్య చివరి మాట. ఆ తరువాత అరవైల్లో ఎన్ని పంటలు పండినా, ఎన్ని ఎండిపోయినా, ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఉప్పలయ్య పోయినప్పుడు చిలుకమ్మ చావుకు పోలేదు. ఆ పూట కూడా చేనులోనే ఉంది. గట్టు మీద మాత్రం మళ్ళీ ఎవరూ మంట వేయలేదు. కూలికి వచ్చే ఆడవాళ్ళలో ఎవరైనా తెలియక తల్లి పురుగు మీద చెయ్యి వేస్తే, ఆమె తన చేనులో నిలబడి అరిచేది. చెయ్యి వేసింది గట్టుకు అవతల అయినా అరిచేది.